ఆర్వీ పార్కులో కాంపర్ వ్యాన్‌కి కరెంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులకు కాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకునో, ట్రాన్సిట్, ప్రోమాస్టర్ లాంటి పాత సరుకుల వ్యాన్ ఏదో కొని సొంతంగా తయారు చేసుకునో రోడ్డెక్కే మనవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. రూటు, బుకింగులు, ఆవకాయ డబ్బా దాకా అన్నీ ప్లాన్ చేసుకుంటారు గానీ కరెంటు సంగతి మాత్రం ఆర్వీ పార్కుకు, అంటే ఇలాంటి వ్యాన్లు నిలుపుకునే క్యాంపుగ్రౌండుకు చేరాక, చీకటి పడ్డాక, ప్లగ్గు పట్టనప్పుడు గుర్తొస్తుంది. అప్పటికప్పుడు దగ్గర్లో ఏ స్టోరు తెరిచి ఉంటే అక్కడికి పరిగెత్తి, దొరికిన అడాప్టర్ కొనుక్కొస్తారు. ప్లగ్గు పడుతుంది, లైట్లు వెలుగుతాయి. అంతటితో పని అయిపోయిందనుకోవడం దగ్గరే చాలా ప్రమాదాలు మొదలవుతాయి. కింద చెప్పిన లెక్కలన్నీ అమెరికా, కెనడా పద్ధతికి సంబంధించినవి. యూరప్, ఇండియా గురించి చివర్లో విడిగా రాశాను.

పెడెస్టల్‌లో మూడు రకాల సాకెట్లు ఉన్నాయి. ఏది దేనికి?

సైటు పక్కన నడుము ఎత్తులో ఉండే ఆ బూడిద రంగు ఇనప పెట్టెనే పెడెస్టల్ అంటారు. మూత పైకెత్తగానే చెయ్యి పెట్టకండి, ముందు తొంగి చూడండి. సాలెపురుగులకు, కందిరీగలకు అంతకంటే వెచ్చని ఇల్లు ఇంకోటి దొరకదు.

లోపల సాధారణంగా మూడు సాకెట్లు, ఒక్కో దానికి ఒక్కో బ్రేకర్ ఉంటాయి. ఇంట్లో చూసే మామూలు సాకెట్ లాంటిది, టెస్ట్, రీసెట్ బటన్లతో ఉండేది, 20 ఆంప్స్‌ది. మూడు రంధ్రాలుండి, అందులో రెండు ఏటవాలుగా ఉండేది 30 ఆంప్స్‌ది. దాని పేరు టీటీ-30. నాలుగు రంధ్రాలున్న పెద్దది 50 ఆంప్స్‌ది, 14-50 అంటారు.

20 ఆంప్స్ సాకెట్ 120 వోల్టుల మీద 2,400 వాట్లు ఇస్తుంది. 30 ఆంప్స్‌ది 3,600 వాట్లు. 50 అనగానే 30 కంటే కాస్త ఎక్కువలే అనుకుంటారు. దాంట్లో 120 వోల్టుల లైన్లు రెండు వస్తాయి, ఒక్కోటీ 50 ఆంప్స్. మొత్తం 12,000 వాట్లు, అంటే 30 ఆంప్స్ దానికి మూడు రెట్ల పైమాటే. గంటల తరబడి నడిచే లోడు అయితే ఏ సాకెట్ నుంచైనా 80 శాతానికి మించి లాగకూడదు. 30 ఆంప్స్ దాని మీద 24, 20 ఆంప్స్ దాని మీద 16.

నా వ్యాన్‌కి ఎన్ని ఆంప్స్ కావాలో ఎలా తెలుస్తుంది?

వ్యాన్ లోపల బ్రేకర్ ప్యానెల్ తెరిచి, మెయిన్ బ్రేకర్ మీద ఉన్న అంకె చూడండి. చాలా కాంపర్ వ్యాన్లకు 30 ఉంటుంది. చిన్నవాటికి, ముఖ్యంగా సొంతంగా చేసుకున్నవాటికి, 15 ఉండొచ్చు. 50 ఆంప్స్ సాధారణంగా బస్సంత ఉండే మోటర్‌హోమ్‌లకు, రెండు ఏసీలున్నవాటికి.

అద్దె వ్యాన్ అయితే తాళం చెవి తీసుకునే ముందే అడగండి: ఇన్‌లెట్ (కేబుల్ తగిలించడానికి వ్యాన్‌కి ఉండే సాకెట్) ఎన్ని ఆంప్స్, కేబుల్ ఎంత పొడవు, వెంట ఏ అడాప్టర్లు ఇస్తున్నారు, సర్జ్ ప్రొటెక్టర్ ఉందా. కేబుల్‌ని మీరే బయటకు తీసి, రెండు చివర్లూ కళ్లతో చూసుకోండి. పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, ఇత్తడి పిన్ను నల్లబడినా వేరేది ఇమ్మని అడగాలి. మొహమాటం అక్కర్లేదు.

అడాప్టర్ పెడితే ఎక్కువ కరెంటు వస్తుందా?

రాదు. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. వోల్టేజీ మారదు, పెడెస్టల్‌లోని బ్రేకర్ మారదు, మీ వైరు మందం మారదు. మొత్తం దారిలో అన్నిటికంటే బలహీనమైన భాగం ఏదో అదే మీ అసలు పరిమితి.

ఇందులో రెండు దిశలున్నాయి. మొదటిది పెద్ద వ్యాన్‌ని చిన్న సాకెట్‌కి తగిలించడం: 30 ఆంప్స్ వ్యాన్ ప్లగ్గుని ఇంటి 15 ఆంప్స్ సాకెట్‌కి పెట్టడం లాంటిది. ఇక్కడ ఎక్కువ లాగితే సాకెట్ వైపు బ్రేకర్ పడిపోతుంది. చిరాకే గానీ భయపడాల్సింది తక్కువ. రెండోది చిన్న వైరుని పెద్ద సాకెట్‌కి తగిలించడం. మామూలు ఎక్స్‌టెన్షన్ వైరుని అడాప్టర్‌తో 30 ఆంప్స్ సాకెట్‌కి పెట్టారనుకోండి. ఆ సన్నటి వైరు 13 ఆంప్స్‌కి తయారైంది. బ్రేకర్ మాత్రం 30 దాకా కదలదు. 25 ఆంప్స్ పారుతున్నా బ్రేకర్‌కి అంతా బాగున్నట్టే, ఈలోపు వైరు పొయ్యి మీద పెనంలా వేడెక్కుతుంది. మంటలు లేచేది ఇలాంటి చోటే. అందుకే "అడాప్టర్ దొరికింది కదా" అనే మాట నాకు ఎప్పుడూ టెన్షన్ పెడుతుంది. షాపులో దొరికే ప్రతి జతా సురక్షితమైనదని కాదు.

మాది 30 ఆంప్స్ వ్యాన్, సైటులో 50 ఆంప్స్ సాకెట్ మాత్రమే ఉంది. పెట్టొచ్చా?

పెట్టొచ్చు. రెండు చివర్లూ లావుగా, మధ్యలో పొట్టి వైరుతో ఉండే డాగ్‌బోన్ అడాప్టర్ ఇందుకే ఉంది. అది 50 సాకెట్‌లోని రెండు లైన్లలో ఒక్కదాన్నే తీసుకుని 120 వోల్టులే ఇస్తుంది. వ్యాన్‌లో 30 ఆంప్స్ మెయిన్ బ్రేకర్ ఉంది కాబట్టి అంతకుమించి లాగితే అది పడిపోతుంది. మీ కేబుల్ మాత్రం వ్యాన్‌తో వచ్చిన 10 గేజ్ మందానిదే అయి ఉండాలి. అడాప్టర్ మీద యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు (భద్రతా పరీక్ష పాసైందనే ముద్ర) ఉందో లేదో చూసుకోండి.

చిన్న వ్యాన్, 15 ఆంప్స్ ఇన్‌లెట్. 30 సాకెట్‌కి అడాప్టర్ కొనాలా?

ముందు అదే పెట్టెలో ఉన్న 20 ఆంప్స్ సాకెట్ వాడండి. మీ ప్లగ్గు అందులో నేరుగా పడుతుంది, పైగా కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే జీఎఫ్‌సీఐ రక్షణ కూడా ఉంటుంది. 30 ఒక్కటే ఉన్న పాత సైటు అయితే, అడాప్టర్‌లోనే 15 లేదా 20 ఆంప్స్ బ్రేకర్ అమర్చి ఉన్న రకం కొనండి. బ్రేకర్ లేని చవక రకం వద్దు.

30, 20 సాకెట్లు రెండూ కలిపి 50 చేసే వై-అడాప్టర్?

వదిలేయండి. 20 సాకెట్‌కి జీఎఫ్‌సీఐ ఉంటే అది వెంటనే ట్రిప్ అవుతుంది, ఎందుకంటే ఒకదాంట్లోంచి వెళ్లిన కరెంటు రెండోదాంట్లోంచి తిరిగొస్తుంది. ట్రిప్ కాకపోతే ఇంకా అనుమానించాలి.

కేబుల్ చాలడం లేదు. ఎక్స్‌టెన్షన్ ఎలాంటిది కొనాలి?

మందం చూసి కొనండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుంది. 15 ఆంప్స్‌కి 14 గేజ్, 20కి 12, 30కి 10, 50కి 6. పెరట్లో లైట్లకు వాడే నారింజ రంగు వైరు చాలావరకు 16 గేజ్‌ది. వ్యాన్ పక్కన ల్యాంపుకి సరిపోతుంది, వ్యాన్‌కి పనికిరాదు.

పొడవు పెరిగితే వోల్టేజీ పడిపోతుంది, కాబట్టి అవసరమైనంత పొడవే వాడండి. మిగిలిన వైరుని చుట్టలు చుట్టి వదలకండి. చుట్టలో వేడి బయటకు పోయే దారి ఉండదు. నేల మీద వదులుగా, పాములా వంకరలు తిప్పి పరచండి. కార్పెట్ కింద, డోర్ మ్యాట్ కింద, టైరు కింద పోనివ్వకూడదు.

రాత్రి ఒకసారి, లోడు మీద అరగంట నడిచాక, ప్రతి జాయింటునీ చేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే లోడు ఆపి, బ్రేకర్ కట్టేసి, ఆ జాయింటు మార్చాలి. ఒక స్టేట్ పార్కులో మా పక్క సైటు వాళ్ల 30 ఆంప్స్ ప్లగ్గు ఊడదీస్తే రాలేదు. బలంగా లాగితే మూడు పిన్నుల్లో ఒకటి సాకెట్‌లోనే ఉండిపోయింది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి పాకంలా గట్టిపడింది. సాకెట్ ఏళ్ల తరబడి వాడి వదులైపోయింది, వాళ్లు దాని మీద చలికి రాత్రంతా హీటర్ నడిపారు. ముందురోజు సాయంత్రం "ఎక్కడో చేపలు వేపుతున్నట్టున్నారు" అనుకున్నారట. కాలుతున్న ఎలక్ట్రికల్ ప్లాస్టిక్ చాలాసార్లు చేపల వాసనే వేస్తుంది. వ్యాన్ దగ్గర ఆ వాసన వస్తే వంట ఎవరిదో వెతక్కుండా ముందు బ్రేకర్ కట్టేయండి.

తగిలించే వరస ఏమిటి?

పెడెస్టల్ బ్రేకర్ ఆఫ్ చేయండి. వ్యాన్ లోపల ఏసీ, హీటర్, మైక్రోవేవ్ లాంటివి ఆపండి. కేబుల్‌ని ముందు వ్యాన్ ఇన్‌లెట్‌కి, తర్వాత పెడెస్టల్‌కి పెట్టండి. మధ్యలో సర్జ్ ప్రొటెక్టర్ గానీ ఈఎమ్ఎస్ (వోల్టేజీ, వైరింగ్ తేడాలు కనిపెట్టి కరెంటు ఆపే పరికరం) గానీ ఉంటే అది పెడెస్టల్ వైపు ఉండాలి. అప్పుడు బ్రేకర్ వేసి, ప్రొటెక్టర్ మీద లైట్లు చూసి, అంతా బాగుంటే లోపల ఒక్కొక్కటీ ఆన్ చేసుకోండి.

వెళ్లేటప్పుడు దీనికి తలకిందులు: లోడు, బ్రేకర్, పెడెస్టల్ వైపు ప్లగ్గు, చివరగా వ్యాన్ వైపు. బ్రేకర్ వేసే ఉంచి ప్లగ్గు పీకితే పిన్నుల దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. సాకెట్లు పాడైపోవడానికి అదీ ఒక కారణం.

సర్జ్ ప్రొటెక్టర్ చాలా, ఈఎమ్ఎస్ కొనాలా?

సర్జ్ ప్రొటెక్టర్ చవక రకం పిడుగుల వల్ల, లైన్లో గొడవల వల్ల ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీని మాత్రమే ఆపుతుంది. మీకు నిజంగా ఎదురయ్యేవి వేరు: రోజంతా తక్కువ వోల్టేజీ, ఎర్త్ తెగిపోవడం, లైను న్యూట్రల్ తారుమారు కావడం. ఈఎమ్ఎస్ వీటిని కనిపెట్టి, కరెంటు వ్యాన్‌లోకి రాకుండా ఆపేస్తుంది. చాలా ఈఎమ్ఎస్‌లు 104 వోల్టుల కిందకు దిగినా, 132 దాటినా కట్ చేస్తాయి. సొంత వ్యాన్ ఉన్నవాళ్లకు నా సలహా ఈఎమ్ఎస్సే. వారం రోజుల అద్దె వ్యాన్‌కి అంత ఖర్చు ఎందుకనుకుంటే, కనీసం మూడు లైట్ల సాకెట్ టెస్టరు, ముట్టుకోకుండా వోల్టేజీ చూపించే పెన్ను టెస్టరు వెంట ఉంచుకోండి. రెండూ కలిపినా పెద్ద ఖర్చేమీ కాదు.

50 ఆంప్స్ వాడేవాళ్లకు మాత్రం ఈఎమ్ఎస్ విషయంలో బేరం లేదు. అక్కడ న్యూట్రల్ తెగితే రెండు లైన్ల మధ్య 240 వోల్టులు లోడుని బట్టి పంచుకుపోతాయి. ఒక వైపు 70కి పడితే ఇంకో వైపు 170కి ఎగబాకొచ్చు. మైక్రోవేవ్, టీవీ, చార్జర్ అన్నీ ఒక్కసారే పోతాయి.

మధ్యాహ్నం ఏసీ నడుస్తుంటే లైట్లు మసకబారుతున్నాయి. ఎందుకు?

పాత పార్కుల్లో ఎండాకాలం శనివారం మధ్యాహ్నం అందరి ఏసీలూ ఒకేసారి నడుస్తాయి, లైను అంత లోడు మోయలేదు. 120 వోల్టుల సప్లైకి మామూలుగా 114 నుంచి 126 దాకా ఆరోగ్యకరం. 108కి దిగిందంటే ఏసీ ఆపేయండి. వోల్టేజీ తగ్గితే కంప్రెసర్ మోటారు ఎక్కువ కరెంటు లాగి లోలోపల కాలిపోతుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు, రెండు సీజన్ల తర్వాత ఏసీ పోతుంది. చీకటి పడ్డాక మళ్లీ వేసుకోవచ్చు.

30 ఆంప్స్ మీద ఏమేం ఒకేసారి నడపొచ్చు? వంట మన వంట.

అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. వాట్లను 120తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. దాదాపు లెక్క ఇది: వ్యాన్ పైకప్పు ఏసీ నడుస్తున్నప్పుడు 12 నుంచి 13, స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. మైక్రోవేవ్ 12 దాకా. పెట్టెల్లో వచ్చే 1,500 వాట్ల హీటర్ గానీ కెటిల్ గానీ పన్నెండున్నర. 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఫుల్ మీద 15. ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ 8 పైన. చిన్న రైస్ కుక్కర్ 5 లేదా 6. వాటర్ హీటర్ కరెంటు మీద ఉంటే ఇంకో 12. ఇవి కాక మీ కంట కనపడకుండా వ్యాన్ బ్యాటరీ చార్జర్ కొంత లాగుతూనే ఉంటుంది, బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ.

ఇప్పుడు సాయంత్రం ఏడు గంటలు అనుకోండి. ఏసీ 13, కుక్కర్లో అన్నం 6, చార్జర్ 5. 24 వచ్చేశాయి. ఈలోగా ఎవరో వాటర్ హీటర్ స్విచ్ వేశారు, ఇంకెవరో పాలు మైక్రోవేవ్‌లో పెట్టారు. కొట్టేసింది. చీకట్లో బయటకెళ్లి బ్రేకర్ వేయడం, మళ్లీ కొట్టేయడం. మళ్లీ మళ్లీ పడిన బ్రేకర్ బలహీనపడుతుంది కూడా.

పద్ధతి సులువు. ఏసీ నడుస్తుంటే వేడి చేసే వస్తువు ఒక్కటే. వాటర్ హీటర్ ప్రొపేన్ మీద పెట్టుకోండి. ఇండక్షన్ పొయ్యిని మధ్యస్థంగా తిప్పితే సగం కరెంటే లాగుతుంది, పప్పుకీ కూరకీ అది చాలు. దోసెలు వేయాల్సొస్తే ఆ అరగంట ఏసీ ఆపి కిటికీ తెరవండి, ఎలాగూ పొగ పోవాలి. పోపు వాసన వ్యాన్‌లో మూడు రోజులు ఉండిపోకూడదంటే కూడా అదే దారి. 20 ఆంప్స్ మీద ఉన్నవాళ్లు ఏసీ, వంట రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి.

ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ వాడొచ్చా?

అది 230 వోల్టులది. ప్లగ్గు కన్వర్టర్ పెట్టి 120కి తగిలిస్తే తిరుగుతుంది గానీ నీరసంగా తిరుగుతుంది, పచ్చడి నలగదు, మోటారు వేడెక్కుతుంది. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి అంతకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకుంటే మంచిది, అప్పుడు దాని బరువే వ్యాన్‌లో ఒక మనిషంత చోటు అడుగుతుంది. 110 వోల్టుల మిక్సీలు అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. లేదా ఇంట్లోనే పచ్చడి చేసుకొచ్చేయండి.

50 సాకెట్‌లో 240 ఉంది కదా, దాంట్లోంచి మిక్సీకి లాగుదాం అన్న ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. ఆ సాకెట్ వెనక 50 ఆంప్స్ బ్రేకర్ ఉంది, మిక్సీ వైరు కాలి బూడిదయ్యే దాకా అది పడదు.

వ్యాన్ డోరు పట్టుకుంటే జిల్లుమంటోంది. మామూలేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే టైము ఉంటే ఇదే చదవండి.

వ్యాన్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, అంటే నేలతో దాని బాడీకి సంబంధం లేదు. పెడెస్టల్ నుంచి కేబుల్‌లో వచ్చే ఎర్త్ వైరు ఒక్కటే దాన్ని కాపాడుతుంది. ఆ ఎర్త్ ఎక్కడో తెగి, లోపల ఏదో వస్తువులోంచి కొంచెం కరెంటు బాడీకి లీకైతే, వ్యాన్ రేకు మొత్తం కరెంటు మీద ఉంటుంది. లోపలున్నవాళ్లకు ఏమీ తెలియదు. తడి గడ్డి మీద వట్టి కాళ్లతో నిలబడి డోరు పట్టుకున్న పిల్లాడికి ఆ కరెంటు ఒంట్లోంచి నేలకు దిగుతుంది. ఈరోజు చిన్నగా జిల్లుమన్నది రేపు వాన పడ్డాక ప్రాణం తీయొచ్చు.

జిల్లుమన్న వెంటనే ఎవరూ వ్యాన్‌ని ముట్టుకోకుండా చూసి, పెడెస్టల్ బ్రేకర్ ఆఫ్ చేయండి. లోపలున్నవాళ్లను అక్కడే ఉండమనండి. ఒక కాలు నేల మీద, చెయ్యి డోరు మీద ఉన్న ఆ ఒక్క క్షణమే ప్రమాదం. బ్రేకర్ పడ్డాక బయటకు రావచ్చు. తర్వాత ఆఫీసుకు చెప్పి సైటు మార్పించుకోండి. వేరే సైటులో కూడా అలాగే ఉంటే తప్పు మీ కేబుల్‌లోనో వ్యాన్‌లోనో ఉన్నట్టే.

దీన్ని ముందే కనిపెట్టడానికి పెన్ను టెస్టరు చాలు. కరెంటు ఉందని తెలిసిన సాకెట్ దగ్గర పెట్టి అది కూస్తోందో లేదో చూసుకోండి. తర్వాత నేల మీద నిలబడి, వ్యాన్‌ని తాకకుండా, దాని రేకు దగ్గరకు పెన్ను తీసుకెళ్లండి. కూసిందంటే ముట్టుకోవద్దు. ప్రతి కొత్త సైటులో పిల్లల్ని దింపక ముందు ఇది చేయడం అలవాటు చేసుకోండి.

ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేయడం, మూడు పిన్నులను రెండుగా మార్చే అడాప్టర్ వాడడం లాంటివి చేస్తే ఆ ఒక్క రక్షణనూ మీరే తీసేసినట్టు.

సొంతంగా తయారు చేసుకున్న వ్యాన్. 20 సాకెట్‌కి పెట్టగానే జీఎఫ్‌సీఐ ట్రిప్ అవుతోంది.

జీఎఫ్‌సీఐ వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా 5 మిల్లీఆంప్స్ దగ్గరకు రాగానే కట్ చేస్తుంది. వ్యాన్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసి ఉంటే తిరిగి రావాల్సిన కరెంటులో కొంత ఎర్త్ దారి పడుతుంది, ట్రిప్ అవుతుంది. ఇంటి మెయిన్ ప్యానెల్ వీడియో చూసి వ్యాన్‌లోనూ అలాగే కలిపినవాళ్లకు ఇది తప్పదు. పెడెస్టల్ మీద ఉన్నప్పుడు వ్యాన్‌లో ఆ రెండూ విడిగానే ఉండాలి. జనరేటర్ మీదో ఇన్‌వర్టర్ మీదో నడిచేటప్పుడు మాత్రం ఆ కలయిక వాటి దగ్గర ఉంటుంది. మంచి ఇన్‌వర్టర్-చార్జర్లు ఈ మార్పిడిని లోపలి రిలేతో వాటంతటవే చేసుకుంటాయి. అలాంటిది కాకుండా విడి ఇన్‌వర్టర్ వాడుతుంటే ట్రాన్స్‌ఫర్ స్విచ్ తప్పనిసరి. రెండు సప్లైలు ఎప్పుడూ ఒకేసారి కలవకూడదు.

వాటర్ హీటర్ ఎలిమెంట్ పాడైనా, ఇన్‌లెట్‌లోకి వాన నీళ్లు దిగినా కూడా జీఎఫ్‌సీఐ ఇలాగే చేస్తుంది. అన్ని బ్రేకర్లూ ఆపి ఒక్కొక్కటే వేసి చూస్తే దొంగ దొరుకుతాడు. జీఎఫ్‌సీఐ విసిగిస్తోందని ఆ సాకెట్ వదిలేసి 30 దానికి మారడం మాత్రం చేయకండి. లీకు ఉన్నచోటే ఉంది, చెప్పేవాడిని మార్చారంతే.

ఇంటి డ్రైవ్‌వేలో పెట్టుకోవచ్చా? గ్యారేజీలో డ్రయ్యర్ సాకెట్, ఈవీ సాకెట్ ఉన్నాయి.

గ్యారేజీ మామూలు సాకెట్ నుంచి ఫ్రిజ్, బ్యాటరీ చార్జింగ్ నడుపుకోండి, ఏసీ వద్దు.

డ్రయ్యర్ సాకెట్ జోలికి అసలు పోవద్దు. అదీ 30 ఆంప్సే, కానీ 240 వోల్టులది. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. ఇంట్లో ఆర్వీ సాకెట్ పెట్టించుకుందామని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, 30 ఆంప్స్ అనగానే అలవాటుగా 240 ఇచ్చేసే వాళ్లున్నారు. టీటీ-30 అంటే 120 మాత్రమే. ఆ ఒక్క పొరపాటుతో వ్యాన్‌లో ఉన్నవన్నీ ఒక్క సెకనులో కాలిపోతాయి. పని పూర్తయ్యాక ప్లగ్గు పెట్టక ముందే మల్టీమీటరుతో మీరే కొలవండి: లైను నుంచి న్యూట్రల్‌కి 120, లైను నుంచి ఎర్త్‌కి 120, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి దాదాపు సున్నా.

ఈవీ కోసం పెట్టిన 14-50 సాకెట్ అయితే డాగ్‌బోన్‌తో 30 వ్యాన్‌కి వాడొచ్చు, న్యూట్రల్ ఉంటే. ఈవీ చార్జర్‌కి న్యూట్రల్ అక్కర్లేదు కాబట్టి కొందరు దాన్ని కలపకుండానే వదిలేస్తారు. 30 వ్యాన్‌కి అలాంటి చోట కరెంటే రాదు, పోయిందేమీ లేదు. 50 ఆంప్స్ వ్యాన్ పెడితే మాత్రం పైన చెప్పిన తెగిపోయిన న్యూట్రల్ కథే.

కరెంటు పోయింది. వ్యాన్ ఇన్‌వర్టర్ నుంచి రెండువైపులా మగ ప్లగ్గు ఉన్న వైరుతో ఇంట్లోకి ఇవ్వొచ్చా?

వద్దు. ఒక చివర పెట్టగానే రెండో చివర పిన్నులు బయటకు కనపడుతూ కరెంటు మీద ఉంటాయి. పైగా ఆ కరెంటు వీధి లైన్లోకి వెనక్కి వెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని చంపగలదు.

నేషనల్ పార్కుల్లో హుక్‌అప్‌లు (సైటు దగ్గరే కరెంటు కనెక్షన్) ఉంటాయా?

చాలాచోట్ల ఉండవు. యోసెమిటీ పార్కు లోపలి క్యాంపుగ్రౌండుల్లో కరెంటు హుక్‌అప్ లేదు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో మాత్రమే ఉంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రెయిలర్ విలేజ్‌లో ఉంది, జయన్‌లో వాచ్‌మన్ క్యాంపుగ్రౌండులో కొన్ని సైట్లకు కరెంటు ఉంది. ఇవి నెలల ముందే నిండిపోతాయి. బుక్ చేసేటప్పుడు సైటు వివరాల్లో 30 ఉందా 50 ఉందా అని కూడా చూడండి.

వాన పడుతుంటే?

జాయింట్లు నేలకు తగలకుండా పైకి ఉంచండి, పెడెస్టల్ మూత వేసి ఉంచండి. ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేస్తే నీళ్లు లోపలే నిలుస్తాయి, కాబట్టి అది వద్దు. ఉరుములు దగ్గరకొస్తే బ్రేకర్ ఆఫ్ చేసి ప్లగ్గు తీసేయడం మేలు, అయితే పిడుగులు మొదలుకాక ముందే. తడిసిన ప్లగ్గుని బ్రేకర్ వేసి ఉండగా ముట్టుకోకండి.

బ్రిటన్, యూరప్‌లో ఉన్నాం. ఇవే లెక్కలా?

అక్కడ 230 వోల్టులు, నీలం రంగు గుండ్రటి మూడు పిన్నుల 16 ఆంప్స్ ప్లగ్గు. కేబుల్ సాధారణంగా 25 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, దాన్ని చుట్ట విప్పి పరచాలి. సాకెట్ 16ది అయినా సైటు ఇచ్చేది తక్కువ ఉండొచ్చు. ఫ్రాన్స్‌లో 6, 10 ఆంప్స్ సైట్లు మామూలే. 6 ఆంప్స్ అంటే 1,380 వాట్లు, ఇంగ్లండు ఇంటి 3 కిలోవాట్ల కెటిల్ పెట్టగానే పడిపోతుంది. యూరప్‌లో లైను, న్యూట్రల్ తారుమారుగా ఉన్న సాకెట్లు తగులుతుంటాయి. వ్యాన్ బ్రేకర్ ఒక్క లైన్‌నే కట్ చేసే రకమైతే, అలాంటి చోట స్విచ్ ఆపినా వస్తువులో కరెంటు ఉంటుంది. టెస్టరు పెట్టి చూశాకే వాడండి.

ఇండియాలో కాంపర్ వ్యాన్ తిప్పుతున్నాం. హోటల్ నుంచో రిసార్ట్ నుంచో లైను తీసుకుంటే?

ఇక్కడ పెడెస్టల్ ఉన్న సైట్లు తక్కువ, ఎక్కువగా దొరికేది గోడకున్న 16 ఆంప్స్ పవర్ సాకెట్. 230 వోల్టుల మీద 3,680 వాట్లు, కాగితం మీద. ఆ సాకెట్ వెనక ఎంత సన్నటి వైరు ఉందో, ఎర్త్ గుంత ఎండిపోయి ఎన్నేళ్లయిందో మనకు తెలియదు. నియాన్ స్క్రూడ్రైవర్ టెస్టరు ఫేజ్ ఉందో లేదో చెబుతుంది, ఎర్త్ ఉందో లేదో చెప్పదు. హోటల్ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టించండి. బల్బు నిండుగా వెలిగినా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) పడిపోయినా ఎర్త్ ఉన్నట్టు. మినుకుమినుకుమంటే అక్కడ వద్దు. వ్యాన్‌లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ లేకుండా ఏ గోడ సాకెట్‌కీ తగిలించకండి. ఎక్స్‌టెన్షన్ 2.5 ఎస్‌క్యూ ఎంఎం కాపర్ వైరుది, 16 ఆంప్స్ ప్లగ్‌టాప్‌తో చేయించుకోండి.

ఊరి చివర ఆగినప్పుడు స్తంభానికి కొక్కెం తగిలించి ఇస్తామని ఎవరో ఒకరు ముందుకొస్తారు. అది కరెంటు దొంగతనం, 2003 విద్యుత్ చట్టం కింద కేసు అవుతుంది. పైగా ఆ తీగకి బ్రేకర్ లేదు, ఎర్త్ లేదు. ఆ రాత్రికి వ్యాన్ బ్యాటరీ మీద ఫ్యాను, లైటు నడుపుకుని, పొద్దున పెట్రోల్ బంకు పక్క హోటల్లో చార్జింగ్ పెట్టుకోండి.